నీళ్లు పోయడం ఆపి, కారే చోటు చూడు

అనంతపురం

చిరంజీవి అల్లుడికి,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. మదనపల్లె నుంచి టమోటా ఎత్తుకుని కోయంబేడు మార్కెట్‌కు పోయి వచ్చేసరికి బొలేరో పికప్ రెండు లీటర్ల నీళ్లు తాగుతోందనీ, తిరుగు ప్రయాణంలో చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు వేడి చూపే ముల్లు పైకి లేస్తోందనీ, మీ దగ్గరి మెకానిక్ బానెట్ ఎత్తీ ఎత్తకముందే ‘హెడ్ పోయింది, దించాల్సిందే’ అన్నాడనీ చెప్పావు. నేను ఫోన్‌లో ఎంత చెప్పినా నువ్వు ‘సరే మామా’ అంటావు, పెట్టేసరికి సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నా. ఈ కాగితం మడిచి డాష్‌బోర్డులో పెట్టుకో.

హెడ్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. హెడ్ గ్యాస్కెట్ పోదని నేను అనను, పాత డీజిల్ బండిలో పోతుంది. కానీ పోయిందని చెప్పడానికి గుర్తులుంటాయి. ఒక్క గుర్తూ చూడకుండా అన్న మాట అది. నీళ్లు తగ్గుతున్నాయంటే పోయే దారులు మూడే. బయటికి కారిపోవాలి, లేదా రేడియేటర్ మూత దగ్గర పొంగిపోవాలి, లేదా ఇంజన్ లోపలికి పోవాలి. మొదటి రెండూ తక్కువ ఖర్చుతో పోయేవి. అవి కావని తేల్చుకున్నాకే మూడోదాని జోలికి పోవాలి. మన షెడ్లో హెడ్ అనుమానంతో వచ్చిన బళ్లకు చాలాసార్లు ఆఖరికి తేలింది హోస్ పైపో, వాటర్ బాడీనో (నీళ్లు తిప్పే పంపు), మూతలో చిన్న రబ్బరో.

ముందు నీళ్ల సంగతి. ట్రిప్పు ట్రిప్పుకూ డాబా దగ్గర కొళాయి పట్టుకుని పోసేస్తున్నావు కదా, ఆ పని బండిని లోపల్నుంచి తినేస్తుంది. కూలెంట్‌లో ఉండేది గ్లైకాల్ ఒక్కటే కాదు, తుప్పు పట్టకుండా కాపాడే మందు కూడా ఉంటుంది. నువ్వు పోసే ప్రతి లీటరుతో ఆ మందు పలచబడుతుంది. పైగా మన సీమ బోరు నీళ్ల గురించి నీకు వేరే చెప్పాలా? అమ్మ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, హెడ్ చుట్టూ నీళ్లు తిరిగే దారుల్లోనూ పేరుకుంటుంది. అది ఒక పొరగా కట్టిందంటే వేడి నీళ్లలోకి దిగదు. అప్పుడు లీకు లేకపోయినా బండి వేడెక్కుతుంది. అలా వేడెక్కీ వేడెక్కీ నిజంగానే హెడ్ వంగుతుంది. ఆ మెకానిక్ మాట అప్పుడు నిజమై కూర్చుంటుంది.

ఇక మూత. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నాకైతే సగం అనుమానం ముందు దానిమీదికే పోతుంది. దానిమీద 0.9 అనో, 13 అనో, 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది చూడు. 0.9, 1.1 అంటే బార్ లెక్క, 13 అంటే పౌండ్ల లెక్క. లోపల ఆ ఒత్తిడి నిలిచినంతసేపూ నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరగవు. ఒక బార్ ఒత్తిడిలో ఉత్త నీళ్లే 120 డిగ్రీల దాకా ఆగుతాయి. సగం కూలెంటూ సగం నీళ్లూ అయితే ఇంకాస్త పైకే. అదే మూత రబ్బరు ఎండి పగిలి ఒత్తిడి నిలవకపోతే? మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఉత్త నీళ్లు 98 డిగ్రీలు రాకముందే మరిగిపోతాయి. థర్మోస్టాట్ తెరుచుకునేదే ఎనభై పైచిలుకు డిగ్రీలకు. ఘాటెక్కే ఇంజన్‌కు ఇక మిగిలే సందు ఎంత? నీళ్లు మరిగి, పక్క బాటిల్లోకి పొంగి, అక్కడి నుంచి రోడ్డు మీదికి పోతాయి. కింద ఎక్కడా చుక్క కనబడదు, నీళ్లు మాత్రం తగ్గుతుంటాయి. మూతలో ఇంకో చిన్న బిళ్ల కూడా ఉంటుంది, ఇంజన్ చల్లారేటప్పుడు బాటిల్లోని నీళ్లను వెనక్కి లాగేది అదే. అది బిగుసుకుపోతే పొద్దున్నే పై హోస్ పైపు లోపలికి పీల్చుకుని చదునుగా నొక్కుకుపోయి కనబడుతుంది. ఈ రెంటిలో ఏది చూసినా మూత మార్చెయ్. అదే నంబరుది తెచ్చుకో, గట్టిగా ఉంటుందని ఎక్కువ నంబరుది వేశావో, ముసలి హోసులూ రేడియేటరూ ఆ ఒత్తిడికి ఓర్చుకోలేవు.

మూత కొత్తది వేశాక కూడా నీళ్లు తగ్గితే వెతుకులాట మొదలు. దీనికి తెల్లవారుజామే మంచి సమయం, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ముందురోజు రాత్రి బండి ఆపాక ఇంజన్ కింద పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి పరిచి, గాలికి పోకుండా రాళ్లు పెట్టు. పొద్దున చుక్క పడిన చోటు చూసి, దాని నేరుగా పైన వెతుకు. కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి: రబ్బరూ క్లిప్పూ ముడుచుకుని సందు ఇస్తాయి, వేడెక్కగానే ఉబ్బి సందు మూసుకుపోతుంది. మెకానిక్ దగ్గరికి బండి నడుపుకుంటూ పోతే అతనికి ఏమీ కనబడదు. ఇంకొన్ని దీనికి వ్యతిరేకంగా ఉంటాయి, ఒత్తిడి ఎక్కితేనే చిమ్ముతాయి. చిమ్మింది వేడి బ్లాకు మీదే ఆవిరైపోతుంది. కాగితం మీద చుక్క పడదు గానీ మరక మిగులుతుంది. కూలెంట్ ఆరిన చోట ఆకుపచ్చగానో తెల్లగానో పొక్కు కట్టి ఉంటుంది. గోటితో గీకితే రాలుతుంది. ఆయిల్ మరక అలా పొక్కు కట్టదు, జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. తడి ఎక్కడ ఎక్కువుంటే అక్కడే లీకు అనుకుంటారు. ముందు ఫ్యాను తిరుగుతుంటుంది కదా, అది చుక్కను పట్టి వెనక్కి కొడుతుంది. ముందు కారిన నీళ్లు గేరుబాక్సు దాకా తడుపుతాయి. కాబట్టి తడి ఉన్నంతమేర చూసి, అన్నిటికంటే పైనా అన్నిటికంటే ముందూ ఉన్న చోటు పట్టుకో. ఇంజన్ మీద పదేళ్ల మట్టీ జిడ్డూ ఉంటే ఏదీ తేలదు. ఒకసారి డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి అప్పుడు చూడు. నీళ్లు ఆల్టర్నేటర్ మీద పడకుండా కవరు కట్టుకో.

కళ్లతో దొరక్కపోతే ప్రెషర్ టెస్టర్ ఉంది. రేడియేటర్ షాపుల వాళ్ల దగ్గర ఉంటుంది, సైకిల్ పంపుకు మీటరు తగిలించినట్టు ఉంటుంది. మూత తీసి ఆ చోట టెస్టర్ బిగించి, మూత మీద ఉన్న నంబరు దాకానే గాలి కొట్టాలి, దాటనివ్వొద్దు. ఒక పావుగంట వదిలెయ్. ముల్లు దిగకపోతే చల్లటి ఇంజన్‌లో లీకు లేదన్నమాట. దిగుతుంటే టార్చి పట్టుకుని కిందా మీదా చూడు, ఎక్కడో ఒకచోట చెమ్మ పుడుతుంది. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి ఫ్యాను కొట్టదు, వేడి లేదు కాబట్టి ఆవిరి కాదు. అరగంటలో తేలిపోయే పని ఇది. ఈ పరీక్ష చేయకుండా హెడ్ దించుతానన్నవాడి షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకో, మొహమాట పడొద్దు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం వాటర్ బాడీ మీద. ‘పొద్దున స్టార్టు చేయగానే ముందువైపు కీచుమంటుంది మామా, కాసేపటికి తగ్గుతుంది’ అన్నావు. బెల్టు వదులైనా అరుస్తుంది, అది కాదనను. ఇలా చూడు. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపు. ఇలాంటి పాత ఇంజన్లలో ఫ్యాను సాధారణంగా వాటర్ బాడీ ముక్కుకే బిగించి ఉంటుంది. టకటకమని ఆడితే లోపల బేరింగు అరిగింది. తర్వాత వాటర్ బాడీ పొట్ట కింద వేలు పెట్టి తడుము, పెన్సిల్ మొన పట్టేంత బెజ్జం ఒకటి తగులుతుంది. అది పోతపోసేటప్పుడే పెట్టిన దారి. లోపల నీళ్లకూ బేరింగుకూ మధ్య ఒక సీలు ఉంటుంది, అది అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ బెజ్జంలోంచి బయటికి వచ్చేస్తాయి. బెజ్జం చుట్టూ పొక్కు కట్టి ఉన్నా, తడి వేలికి అంటినా సీలు పని అయిపోయింది. కొందరు మహానుభావులు ఆ బెజ్జంలో ఎమ్‌సీల్ కూరి పంపిస్తారు. చుక్క ఆగుతుంది, నీ మొహం వెలుగుతుంది. ఆ నీళ్లు తిరిగి బేరింగులోకి పోయి గ్రీజు కడిగేస్తాయి, ఒకరోజు బేరింగు ముక్కలై ఫ్యాను పోయి రేడియేటర్‌ను కోసేస్తుంది. వెయ్యి రూపాయలు మిగుల్చుకోబోయి రేడియేటర్ కూడా కొనుక్కున్నవాళ్లున్నారు.

వాటర్ బాడీ మార్చడం నీకూ నీ క్లీనర్‌కూ చేతనైన పనే, తొందర లేకుండా చేస్తే. కూలెంట్ కింద బకెట్లోకి దించు. బెల్టు వదులు చేసి తియ్, ఫ్యాను విప్పు, తర్వాత బాడీ బోల్టులు. బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద బాడీ బొమ్మ గీసి, విప్పిన బోల్టును విప్పిన చోటే గుచ్చుతూ పో. పొడుగు బోల్టు పొట్టి బెజ్జంలో బిగిస్తే బ్లాకు పగులుతుంది, అప్పుడు మళ్లీ ఉత్తరాలు రాసుకోవాలి మనం. పాత గ్యాస్కెట్ బ్లాకుకు అంటుకుని ఉంటుంది, నిదానంగా గీకు, లోహానికి గాటు పడనివ్వొద్దు. గీకిన పొట్టు లోపల పడకుండా బెజ్జంలో గుడ్డ కుక్కి, చివర్న మరిచిపోకుండా తియ్. గ్యాస్కెట్‌కు గమ్ము పల్చగా రాస్తే చాలు. కుర్రాళ్లు మందంగా పూస్తారు, బిగించేసరికి అది లోపలికి పిండుకుని, ముక్కలై నీళ్లలో తిరిగి రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడుతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రా. బెల్టు పాతదైతే ఇప్పుడే మార్చు.

ఆ పని మీద ఉన్నప్పుడే హోస్ పైపులు కూడా చూసుకో. నొక్కితే మెత్తగా ఉబ్బినా, చెక్కలా గట్టిపడి పగుళ్లు కనబడినా మార్చాల్సిందే. కింది పైపును ఎవరూ చూడరు, దానికే ఆయిల్ పడి నానుతుంటుంది. పాత పైపు మూతికి అతుక్కుపోయి రాకపోతే మెలిపెట్టి లాగొద్దు, రేడియేటర్ మూతి ప్లాస్టిక్‌దైతే విరుగుతుంది. బ్లేడుతో పొడుగునా చీల్చి ఒలిచెయ్. మూతిని సన్నటి ఎమెరీ పేపరుతో శుభ్రం చెయ్. కొత్త పైపు ఎక్కకపోతే కాస్త కూలెంటే రాసి ఎక్కించు, గ్రీజు రాయకు, రబ్బరు ఉబ్బిపోతుంది. క్లిప్పు మూతి చివర ఉన్న గట్టు దాటాక వెనక పడాలి. గట్టు మీదే బిగించిన క్లిప్పు ఘాటులో ఊడుతుంది.

రేడియేటర్ కారుతుంటే అది ఏ రకమో చూడు. పాత రాగి రేడియేటర్ అయితే షాపులో టంకం పెట్టి ఇస్తారు, బాగా పెట్టినవాడి పని నాలుగేళ్లు నిలుస్తుంది. అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి పెట్టిన రకమైతే, ట్యాంకు పగిలాక అతుకుల జోలికి పోకుండా మార్చడమే మేలు.

పసుపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నువ్వే అడుగుతావు. రేడియేటర్లో గుప్పెడు పసుపు పోస్తే లీకు ఆగుతుందని ప్రతి లారీ డ్రైవరూ చెబుతాడు. ఆగుతుంది, అబద్ధం కాదు. పసుపు ఉబ్బి సన్న బెజ్జాన్ని మూస్తుంది. అర్ధరాత్రి రాణిపేట దగ్గర చిక్కుకుని, తెల్లారేసరికి సరుకు దించాలంటే వాడు, నేను వద్దనను. కానీ బెజ్జం ఏదో మంచి గొట్టం ఏదో పసుపుకు తెలియదు. ఊరు చేరిన మర్నాడే అంతా కడిగించెయ్. డబ్బాల్లో అమ్మే లీకు మందు కూడా ఇదే కోవ.

ఇక హెడ్. ప్రెషర్ టెస్టులో ముల్లు దిగుతూ, బయట ఎక్కడా చెమ్మ లేకపోతే అప్పుడు అనుమానించు. ఆయిల్ గేజి కడ్డీ తీసి చూడు, ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి తిరిగిందా? ఆయిల్ మూత కింద ఒక్క చోటే కాస్త తెల్ల నురుగు ఉంటే అది చెమ్మ పట్టడం వల్ల కూడా వస్తుంది, దానికి బెదిరిపోకు. తర్వాత చల్లటి ఇంజన్‌కు మూత తీసి, నిండా నీళ్లు పోసి స్టార్టు చెయ్యి, మొహం దూరంగా పెట్టుకో. మొదట నాలుగు బుడగలు వచ్చి ఆగితే అది లోపల ఇరుక్కున్న గాలి. ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ ఇస్తే ఇంకా పెరిగితే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోంది. మూత బిగించి స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంజన్ వేడెక్కకముందే, పై హోసు రాయిలా బిగుసుకుపోయినా అదే అర్థం. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తుంటే అదొక గుర్తు. వీటిలో రెండు కలిస్తే హెడ్ దించమను. దించాక లేత్ షాపులో హెడ్ వంపు చూపించకుండా కొత్త గ్యాస్కెట్ వేయనివ్వకు. బోల్టులు టార్క్ పానాతో, నడిమధ్య నుంచి బయటికి, దశలవారీగా బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తానంటే వేరే షెడ్డు చూసుకో.

థర్మోస్టాట్ తీసి పారెయ్యమని కూడా ఎవడో ఒకడు చెబుతాడు, వినకు. అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా దగ్గరి దారిన తిరిగి ఇంకా వేడెక్కుతాయి.

అంతా అయ్యాక మంచి నీళ్లతో లోపల కడిగి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పొయ్యి. బ్యాటరీ షాపులో దొరికే నీళ్లే అవి. ఆకుపచ్చదీ గులాబీదీ కలపకు, రంగును కాదు, డబ్బా మీద రాసిన రకాన్ని చూసుకో. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో ఆపి, నిదానంగా పోస్తూ పై హోసును పిసుకుతూ ఉండు, గాలి బుడగలు పైకి వస్తాయి. మూత తీసే ఇంజన్ నడుపు. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీటిమట్టం గబుక్కున దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపి మూత బిగించు. దించిన పాత కూలెంట్ మట్టిలో పారబొయ్యొద్దు, కూల్‌డ్రింక్ సీసాల్లో అసలే పెట్టొద్దు. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చస్తాయి, పిల్లలు తాగితే కిడ్నీలు పోతాయి. మీ ఇంట్లో చిన్నది ఇప్పుడు నడిచే వయసులో ఉంది. ఎవరైనా మింగితే ఇంటి వైద్యం చూడకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఘాటులో ముల్లు లేస్తే పక్కకు తీసి ఆపు. ఆవిరి కనబడితే ఇంజన్ వెంటనే ఆపెయ్. వేడి మీద మూత తిప్పావంటే మొహం ఉడికిపోతుంది. పై హోసు చేత్తో పట్టుకోగలిగే దాకా కూర్చో, ముప్పావుగంట పట్టినా సరే, ఆ తర్వాతే మందపాటి గుడ్డ వేసి సగం తిప్పి, సుయ్‌మనే గాలి పోయాక తియ్. కాలుతున్న ఇంజన్‌లో చల్లనీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. ఇంకో సంగతి, పైకి లేచిన ముల్లు ఎక్కుడులోనే ఉన్నట్టుండి కిందికి పడిపోతే ‘హమ్మయ్య’ అనుకోకు. వేడి చూసే సెన్సరు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు దిగిపోయి అది ఆవిరిలో తేలితే తక్కువ చూపిస్తుంది. అక్కడే ఆపాలి.

ఆదివారం సరుకు లేదన్నావు కదా, ఆ రోజు ఫ్యాను ఊపి చూసి, బెజ్జం దగ్గర తడుముకుని సాయంత్రానికి నాకు ఫోన్ చెయ్. వాటర్ బాడీ అని తేలితే పాతది విప్పి చేత్తో పట్టుకునే షాపుకు పో. ఒకే బండికి ఏళ్లను బట్టి ముక్కు పొడుగూ బోల్టు బెజ్జాలూ మారుతుంటాయి, మాటల్లో చెప్పి తెచ్చుకుంటే రెండుసార్లు తిరగాలి. అక్కకు నేను కుశలమేనని చెప్పు. హెడ్ మాట మాత్రం ఆమె చెవిన వేయకు, అనవసరంగా గాజులు తాకట్టు పెడతానంటుంది.

ఇట్లు,
మీ మామయ్య

మరిచాను: హోసు క్లిప్పులు నాలుగు ఎక్కువ కొని టూల్ బాక్సులో వేసుకో. వాటితో పాటు అయిదు లీటర్ల క్యానులో కూలెంట్ కలిపిన నీళ్లు సిద్ధంగా ఉంచుకుంటే డాబా కొళాయితో నీకు పని ఉండదు.